ఐస్‌క్రీం పెట్టెలో ఇన్సులిన్

ఇన్సులిన్ మీద బేరమాడి గెలిచిన మనిషి రాయగడ బజారు మొత్తానికి నేనొక్కణ్ణే. మందుల ధర అట్ట మీద అచ్చేసి ఉంటుంది కాబట్టి అందరూ నోరు మూసుకుని ఇచ్చేస్తారు. నాకు అచ్చేసిన అంకె కనిపిస్తే నాలిక దురద పెడుతుంది. విడి సీసాలు కాదు, పెట్టె మొత్తం కొంటానన్నాను. హోల్‌సేల్ రేటు అడిగాను. సీసాలు పెట్టుకునే థర్మాకోల్ డబ్బా ఊరికే రాబట్టాను. ఆ డబ్బాలో వేసే చల్లటి జెల్ సంచులు నాకొద్దు, వాటి ఖరీదు కూడా తగ్గించు అని అదీ తగ్గించాను. ఇంటికొచ్చి మా ఆవిడకు ఈ వీరగాథ చెప్పి, రెండోసారి కూడా చెప్పి, కాఫీ తాగాను.

మాది పసుపు, చింతపండు, నూనెల టోకు వ్యాపారం. తాతల నాడు బొబ్బిలి వైపు నుంచి కొండెక్కి ఒడిశాకి వచ్చాం. షాపు ముందర చిల్లర కోసం ఒక కూల్‌డ్రింకుల ఫ్రిజ్, ఒక ఐస్‌క్రీం పెట్టె ఉంటాయి. గల్లా పక్కన కూర్చుని నేను నేర్చుకున్న మొదటి పాఠం ఏమిటంటే, అమ్మేవాడు జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడంటే ధర పెంచబోతున్నాడని. “ఇది సున్నితమైన సరుకండీ, చెమ్మ తగలకూడదండీ” అని నేనూ పసుపు గురించి రోజూ అంటాను. చెమ్మ సంగతి నిజమే. కానీ నేను చెప్పేది పసుపు కోసం కాదు, రేటు కోసం.

అందుకే మందుల షాపాయన నోరు తెరవగానే నేను చెవులు మూసుకున్నాను.

“సావుకారు గారూ, ఇది ఫ్రిజ్జిలో కింద అరలో ఉండాలండి. ఐసు తగలకూడదు. గడ్డకట్టిందంటే...”

“అలాగలాగే. రేటు సెప్పు.”

“రేటు సెప్పేను గదండీ. ముందిది ఇనండి.”

“కింద అర, పై అర అని నన్ను తిప్పకు బాబూ. నేనూ పసుపమ్మినోణ్ణే. పెట్టి మొత్తం తీసుకుంతన్నాను. ఎంతకిస్తావు?”

ఆయన నవ్వేశాడు. “మీతో నెగ్గలేమండీ” అన్నాడు. ఆ మాట నాకు బిరుదులా వినిపించింది.

మందు నాకు కాదు, మా అప్పకి. మా వైపు పెద్దక్కని అప్ప అంటాం. అమ్మ గల్లా మీద కూర్చుంటే నన్ను చంకనేసుకుని బజారంతా తిప్పిన మనిషి ఆవిడ. రాయగడ నుంచి బస్సు మీద వెళ్ళే గుడారిలో మా బావకు బట్టల షాపు ఉంది. బావ, బావ తమ్ముడు, ఇద్దరు తోటికోడళ్ళు, అందరూ ఒకే ఇల్లు. అప్పకి చాలాకాలంగా షుగరు. మొదట మాత్రలతో నడిచింది. చెప్పు పట్టీ ఒరుసుకుని ఎడమకాలి చిటికెన వేలి పక్కన పుండు పడి మానకపోయేసరికి, ఇక ఇన్సులిన్ పొడుచుకోవాల్సిందే అన్నారు. షుగరు దిగితే పుండు మానుతుంది, దిగకపోతే వేలుతో పోతుందో పాదంతో పోతుందో చెప్పలేమని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

గుడారిలో వేసవిలో కరెంటు ఉండేది తక్కువ, పోయేది ఎక్కువ. ఫ్రిజ్‌ను నమ్ముకోలేం. “సీసాలు నా దగ్గరుంచుతాను, ఒక్కోటీ బస్సులో పంపిస్తాను” అని తమ్ముడి హోదాలో నేను ఆ భారం ఎత్తుకున్నాను. ఎత్తుకుని తిన్నగా ఐస్‌క్రీం పెట్టెలో పెట్టాను. చల్లగా ఉండాలన్నారు గదా, కూల్‌డ్రింకుల ఫ్రిజ్ కంటే ఇది ఎక్కువ చల్లన. ఎక్కువ చల్లనైతే ఎక్కువ మంచిది. కప్పు ఐస్‌క్రీములకూ పుల్ల ఐస్‌క్రీములకూ మధ్య అప్ప ప్రాణాన్ని పేర్చి, మూత వేసి, చేతులు దులుపుకున్నాను.

సీసా అయిపోవచ్చినప్పుడల్లా పెట్టెలోంచి రాయిలా ఉన్నది ఒకటి తీసి, తడిగుడ్డ చుట్టి, కండక్టరు చేతికిచ్చేవాణ్ణి. గుడారి చేరేసరికి కరిగి మామూలు మందులాగే ఉండేది.

మామూలుగా అని రాశాను గానీ, అక్కడొక అబద్ధం ఉంది. అది పాలలా తెల్లగా ఉండే రకం ఇన్సులిన్. ఒకసారి బస్సు ఆలస్యమై సీసా నా చేతిలోనే కరిగింది. వెలుతురుకేసి చూస్తే గాజు గోడకి తెల్లటి పలుకులు అంటుకుని ఉన్నాయి. అడుగున ముద్దలు. పైన నీరు తేలింది. పాలు విరిగితే గిన్నె మూత తియ్యకుండా చెప్పగలిగే కుటుంబం మాది. ఇది విరిగిందని నాకు తెలిసింది. కానీ తిరిగిచ్చెయ్యాలంటే నేను ఓడించిన మనిషి దగ్గరికే వెళ్ళాలి. “సెప్పేను గదండీ” అంటాడు. ఆ మాట పడటం కంటే సీసాని దగ్గు మందులా బలంగా ఊపడం సులువనిపించింది. ఊపాను. ముద్దలు నలకలయ్యాయి. పంపించాను.

అప్ప షుగరు దిగలేదు. ఇంట్లో మిషను మీద చూసుకుని ఫోనులో అంకె చెప్పేది, అది నెలనెలా పైకే. డాక్టరు మోతాదు పెంచాడు. అయినా దిగలేదు. పుండు అంచులు రంగు మారుతున్నాయని బావ చెప్పాడు. మందు పొడుస్తున్నారు, పథ్యం చేస్తున్నానంటోంది, మరి షుగరు ఎందుకు పెరుగుతోంది? షాపులో సరుకు తగ్గితే మొదట ఎవర్ని అనుమానిస్తామో ఇక్కడా అదే చేశాను. లోపల ఉన్న మనిషిని.

దసరా వెళ్ళాక ఒక ఆదివారం గుడారి వెళ్ళాను. అప్ప మంచం మీద కాలు చాపుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

“ఏటప్పా, ఏటి తింతన్నావు?”

“ఏటి తింతాను, పొద్దున్న సోడంబలి, మజ్జాన్నం ఇంత అన్నం, రేత్రికి రెండు పుల్కాలు. నాలిక సచ్చిపోనాది తమ్ముడా.”

“మరి సక్కిరెందుకు దిగట్లేదు?”

“నాకేటి తెలుసు? నువ్వంపిన మందే పొడుసుకుంతన్నాను.”

“మందుకేటి లోపం? పెట్టికి పెట్టి కొన్నాను. దాసుకుని తింతన్నావేటి?”

ఆమె చేతులు ఆగాయి. గుమ్మంలో తోటికోడలు, పక్కన బావ. అప్పకి ఛెనాపోడ అంటే ప్రాణమని, విరిగిన పాల ముద్దని పంచదారతో కాల్చి చేసే ఆ ఒడియా మిఠాయి కనిపిస్తే ఆగలేదని, ఆ ఇంట్లో అందరికీ తెలుసు. 

“నాను తిన్లేదురా.”

“ఒట్టా?”

“నీ మీదొట్టు తిన్లేదు.”

నేను లేచి ఆమె తలగడ ఎత్తాను. ఎందుకు ఎత్తానో అప్పటికి నాకు సమాధానం ఉంది: సరుకు ఎక్కడ దాస్తారో నాకు తెలుసని. కింద కాగితం పొట్లంలో పటికబెల్లం ముక్కలు దొరికాయి. పట్టుకుని అందరికీ చూపించాను, పోలీసులా.

“డాక్టరు బాబే ఉంచుకోమన్నాడు. ఉన్నట్టుండి సుగరు పడిపోతే నోట్లో ఏసుకోమని” అంది అప్ప.

“అలాగే సెప్తారు” అన్నాను. ఇంకెవరి జాగ్రత్తనూ నేను నమ్మేవాణ్ణి కాదు. పొట్లం జేబులో వేసుకున్నాను. మిఠాయిలు, బెల్లం, పంచదార ఉండే అలమారకి తాళం వెయ్యమని, తాళంచెవి తోటికోడలి కొంగున ఉండాలని తీర్పు చెప్పాను. ఆ ఇంట్లో పెద్దకోడలు మా అప్ప. ఆ రోజు నుంచి ఎవరైనా వస్తే టీలోకి పంచదార కోసం చిన్నకోడల్ని అడగాల్సి వచ్చింది. అప్ప ఒక్కసారి కూడా నాతో ఆ సంగతి ఎత్తలేదు. బావే చెప్పాడు, అదీ మెచ్చుకుంటున్నట్టు: “నువ్వు గట్టోడివి బామ్మర్దీ, నావల్ల కాకపోనాది.”

చలికాలం వచ్చేసరికి వేలు నల్లబడింది. అప్ప కూతురు కొరాపుట్‌లో ప్రోటీన్ల మీద పరిశోధన చేస్తోంది. గుడారిలో కూర్చుంటే లాభం లేదు, ఇక్కడి ఆస్పత్రిలో చేర్చండి అని ఆ పిల్ల ఫోనులో కేకలేసింది. బావ కారులో అప్పని తీసుకెళ్ళాడు. నేను రాయగడలో రైలెక్కాను. సొరంగాలన్నీ దాటి కొరాపుట్‌లో దిగేసరికి నోట్లోంచి పొగలు వస్తున్నాయి. ఖాళీ చేతులతో వెళ్ళలేదు. థర్మాకోల్ డబ్బా నిండా ఐసు కొట్టించి, రెండు ఇన్సులిన్ సీసాలు అందులో పాతిపెట్టి తీసుకెళ్ళాను.

వార్డు బయట బల్ల మీద మేనకోడలు డబ్బా తెరిచింది. సీసా తీసి తలకిందులు చేసింది. లోపలి మందు కదల్లేదు.

“మావయ్యా, ఇది గడ్డకట్టేసింది.”

“మరి? ఇంత దూరం కరక్కుండా తెచ్చేను సూడు” అన్నాను. గొప్పగానే అన్నాను.

ఆమె సీసాని మళ్ళీ నిలువుగా తిప్పింది. “ఎప్పట్నుంచి ఇలా పెడతన్నావు?”

“మొదట్నుంచీ. ఐస్‌క్రీం పెట్టిలో.”

ఆమె బల్ల మీద కూర్చుండిపోయింది. కోప్పడితే నేను కూడా ఏదో ఒకటి అనగలిగేవాణ్ణి. కోప్పడలేదు.

“ఏటమ్మీ? కరిగితే మళ్ళీ మామూలే గదా?”

“నీళ్ళు మామూలవుతాయి మావయ్యా. మందు అవదు.”

“సగమైనా పని సెయ్యదా?”

“ఎంత చేస్తుందో ఎవరికీ తెలీదు. ఒక సీసాలో కొంచెం, ఒక సీసాలో ఏమీ లేదు.”

“పోనీ పావు...”

“బేరమాడకు మావయ్యా.”

తర్వాత చెప్పింది. క్లాసు చెప్పినట్టు కాదు, తనకే ఒకసారి చెప్పుకోవాలన్నట్టు. ఇన్సులిన్ ఒక ప్రోటీను. ప్రోటీను అంటే పొడవాటి దండ, పూసకొక గుణం. దండగా ఉన్నంతసేపూ అది దేనికీ పనికిరాదు. తనంతట తాను ముడుచుకుని ఒక ఆకారానికి వస్తేనే పని చేస్తుంది. ఇన్సులిన్‌కి ఆ ఆకారమే తాళంచెవి లాంటిది, ఒంట్లో కణాల తలుపు దానికే తెరుచుకుంటుంది.

“ఎవులు ముడుస్తారు దాన్ని?” అని అడిగాను. మా షాపులో పొట్లం కట్టడం నాకు గుర్తొచ్చింది. జిగురుండదు, దారముండదు. మడతలన్నీ సరిగ్గా పడి ఆఖరి మూల లోపలికి దోపితే కిలో శనగపప్పు మోస్తుంది. కానీ కట్టడానికి ఒక చెయ్యి కావాలి.

“చెయ్యి అక్కర్లేదు. చుట్టూ ఉన్న నీళ్ళే ముడుస్తాయి. పూసల్లో కొన్ని నూనె లాంటివి, నీళ్ళంటే పడదు. నీళ్ళలో నూనె వేస్తే చుక్కగా దగ్గరికి చేరిపోదూ? అలాగే అవి లోపలికి దాక్కుంటాయి. నీళ్ళంటే ఇష్టమున్నవి బయటికి తిరుగుతాయి. అప్పుడు పూసకీ పూసకీ మధ్య చిన్న చిన్న పట్లు కుదురుతాయి. ఒక్కొక్క పట్టూ బలహీనమే. అన్నీ కలిసి నిలబెడతాయి. ఇన్సులిన్‌కి గంధకం ముడులు కూడా ఉంటాయి, అవి కాస్త గట్టివి. సీసాలోనైతే ఆరేసి ఇన్సులిన్లు జింకు చుట్టూ జట్టు కట్టి ఉంటాయి, విడిగా కంటే అలా ఉంటేనే పదిలం.”

“మరి ఇన్ని ఉండగా ఎందుకు విడిపోనాది?”

“నిలబెట్టే బలం ఎంత ఎక్కువో, విడదీసే బలం కూడా దాదాపు అంతే. ఆ రెండింటికీ తేడా చాలా కొంచెం. ఆ కొంచెం మీదే బతుకుతుంది.”

అది నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. టోకు వ్యాపారం అంటే అదే. సరుకు లారీల కొద్దీ వస్తుంది, డబ్బు సంచుల కొద్దీ పోతుంది, చివర మిగిలే తేడా మీద ఇల్లంతా తింటుంది. ఆ తేడా తారుమారు కావడానికి పెద్ద దెబ్బేమీ అక్కర్లేదు. బయటివాళ్ళకి షాపు నిండుగానే కనిపిస్తుంది.

నీళ్ళు గడ్డకట్టేటప్పుడు ఐసు తనలోకి ఇంకెవర్నీ రానివ్వదట. మందునీ ఉప్పునీ మిగిలిన కాస్త నీటిలోకి నెట్టేస్తుంది. ఆ ఇరుకులో, ఐసు అంచులకి ఒరుసుకుని, మడత వదులవుతుంది. లోపల దాక్కున్న నూనె పూసలు బయటపడతాయి. బయటపడ్డవి ఒకదాన్నొకటి పట్టుకుని ముద్ద కడతాయి. మళ్ళీ కరిగించినా ఆ ముద్ద విడిపోదు. కొన్ని ప్రోటీన్లు విడిపోయినా తిరిగి తమ మడత వెతుక్కుంటాయిగానీ ఇన్సులిన్‌కి అది కష్టమట. ఒంట్లో పుట్టినప్పుడు అది ఒకటే పొడవు దండ. ముడుచుకున్నాక మధ్య ముక్కని ఒళ్ళే కత్తిరించేస్తుంది. దారి చూపిన ముక్క ఇప్పుడు లేదు.

“పలుకులు కనిపించేయా ఎప్పుడైనా? గాజుకి అంటుకుని?” అని అడిగింది.

“లేదు” అన్నాను.

మేనకోడలు నన్ను నమ్మింది. ఇదంతా రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది ఆ ఒక్క మాట దగ్గరే.

మర్నాడు వేలు తీసేశారు. ఆస్పత్రి మందు, మోతాదు మొదట్నుంచి మళ్ళీ కట్టారు. పెంచుకుంటూ పోయిన ఆ మోతాదులో ఒక్క మంచి సీసా పడి ఉంటే అప్ప నిద్రలోనే పోయేదని, అప్పుడు ఆ పటికబెల్లమే దిక్కని మేనకోడలు తర్వాత చెప్పింది. నాలుగు పూటలు తిరిగేసరికి షుగరు దిగడం మొదలైంది. తిండి అదే, ఇంటి నుంచి వచ్చే పుల్కాలే. నర్సు అంకె చదవగానే అప్ప మంచం మీద లేచి కూర్చుంది. వేలు పోయిన మనిషి మొహం కాదది.

“సూసేరా! నాను తిన్లేదు. సెప్పేను గదా, నాను తిన్లేదు!” పక్క మంచం ఆవిడకి కూడా చెప్పింది, ఆవిడకి తెలుగు రాదని తెలిసి ఒడియాలో మళ్ళీ చెప్పింది.

బావ పళ్ళు కొరికాడు. “ఆ మందుల కొట్టోడు మనకి నాసి సరుకు అంటగట్టేడు బామ్మర్దీ. ఒగ్గకూడదు ఆణ్ణి.”

మేనకోడలు నావైపు చూసింది. నేను కిటికీవైపు చూశాను. “సూద్దాం” అన్నాను. ఒక సాయంత్రమంతా ఆ తప్పు ఆయన మీద ఉండనిచ్చాను. ఆయన మాత్రమే నాకు నిజం చెప్పిన వ్యాపారి.

పొద్దున్న అప్ప పళ్ళు తోముకుని కూర్చున్నాక చెప్పాను. ఐస్‌క్రీం పెట్టె, ఊపడం, పలుకులు, అన్నీ. మేనకోడలు అక్కడే ఉంది. పలుకుల మాట వినగానే లేచి బయటికి వెళ్ళిపోయింది. అప్ప తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను, రెండింటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాను. కట్టు కట్టిన కాలుకేసి చూసుకుంది.

“మా తోటికోడలికి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంతావా?” అని మాత్రం అడిగింది.

“నేనే సెప్తాను.”

“ఫోనులో కాదు.”

గుడారి వెళ్ళాను. ఆ తోటికోడలు అంతా విని, కొంగు ముడి విప్పి, తాళంచెవి అరుగు మీద పెట్టింది. “నాకేటి సరదానా అన్నయ్యా? పెద్దోరని మీరు సెప్పేరు, నాను ఇన్నాను. ఇప్పుడు ఆవిడ మొకం ఎలాగ సూడను?” అంది. ఆమె సిగ్గు కూడా నేను తెచ్చిపెట్టిందే.

అక్కణ్ణుంచి మందుల షాపుకి కూడా వెళ్ళాను. ఆయన “సెప్పేను గదండీ” అనలేదు. “ఇప్పుడెలాగున్నారండీ?” అని అడిగాడు. నాకు ఈ మాట కంటే ఆ దెప్పుడే నయంగా ఉండేది.

ఇక నష్టానికి లెక్క కట్టాలి. డాక్టరు నా వాలకం చూసి, పుండు ముందే ఉంది కదా, వేలు ఎలాగూ పోయేదేమో అన్నాడు. మంచి తగ్గింపే. జీవితంలో మొదటిసారి తగ్గింపు వద్దన్నాను. వేలు నా పద్దులోనే. మేనకోడలు ఇప్పటికీ మావయ్యా అనే పిలుస్తుంది, కానీ నేను చెప్పిన ఏ విషయాన్నైనా వాళ్ళ నాన్నని మళ్ళీ అడిగి రూఢి చేసుకుంటుంది. అదీ నా పద్దే, న్యాయమైనది కూడా. మిగిలింది అప్ప మాట. ఇప్పుడు ఫోను చేస్తే, ఎలా ఉన్నావని నేను అడిగేలోపే మొదలుపెడుతుంది.

“రెండిడ్లీ, కొబ్బరి సట్నీ. మజ్జిగలో ఉప్పే ఏసుకున్నాను. ఇంకేటీ లేదు తమ్ముడా.”

“ఎవులూ అడగలేదప్పా.”

“తెల్సులే” అంటుంది. మర్నాడు మళ్ళీ చెబుతుంది.

దానికి ధర కట్టడం నాకు రాలేదు. ఒక వేలు, ఒక పిల్ల నమ్మకం, నిజమే చెప్పిన మనిషికి రోజూ తిన్నదంతా అప్పజెప్పుకునే అలవాటు. ఇంతవరకే తేలింది. ఇందులో నేను చెల్లించింది దాదాపు ఏమీ లేదు. ఎక్కువ భాగం మా అప్ప చెల్లించింది, ఇంకా చెల్లిస్తోంది.